చెవుల సంగతి చూసుకో బుజ్జీ

తణుకు

చి. బుజ్జికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

అమ్మమ్మ మోకాళ్ల నొప్పి కాస్త సర్దుకుంది. నీ ఉత్తరం, ఫోన్లో పంపిన పాటలూ అందాయి. అన్నీ విన్నాను. వాటి గురించి రాయాల్సింది చాలా ఉంది గానీ ముందు ఒక మాట.

శనివారం రాత్రి కచేరీ నుంచి వచ్చాక సోమవారం పొద్దుటి దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉందని రాశావు. "అదే కదా తాతయ్యా మజా" అని కూడా రాశావు. ఆ వాక్యం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అది మజా కాదమ్మా. చెవి దెబ్బ తిన్నానని చెప్పే పద్ధతి అది. మీ చిన్నతాత చెవుల సంగతి నీకు తెలియంది కాదు. వాడూ మొదట్లో ఇలాగే, పొద్దున్నకి తగ్గిపోతుందిలే అనేవాడు.

మీ నాన్న కూడా ఫోన్ చేశాడు. జీతంలో సగం టికెట్లకీ ప్రయాణాలకీ పోస్తోందని, సినిమా పాటలు కూడా కావని, ఎవరో పేరు తెలియని కుర్రాళ్ల పాటల కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతోందని వాడి బాధ. వాడితో నేను మాట్లాడాను. నువ్వు సంపాదించుకున్న డబ్బు, ఇంటద్దె కట్టాక మిగిలింది, పాటకి ఖర్చు పెడితే తప్పేముంది? ఆ విషయంలో నేను నీ పక్షమే. సినిమా పాట కాకపోతే పాటే కాదన్న మాట మాత్రం వాడి నోటి వెంట రావడం నాకు నచ్చలేదు.

ఎందుకంటే మన ఇంట్లో సినిమాది కాని పాటకి ఎప్పుడూ పెద్దపీటే. నండూరి వారి ఎంకి పాటలు 1925లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి తెలుగులో మాట్లాడే సినిమాయే లేదు. విజయవాడ రేడియో స్టేషను 1948 డిసెంబరులో మొదలైంది. అక్కడ బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్లు లలిత సంగీతానికి ఒక ఇల్లు కట్టిపెట్టారు. నెలంతా ఒకే పాట వేసే కార్యక్రమం ఉండేది, ఈ మాసపు పాట అని. మా అక్క, అంటే మీ పెద్దమ్మమ్మ, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని రేడియో ముందు కూర్చునేది. మొదటి వారం పల్లవి దక్కేది, తరవాతి వారం చరణంలో కొంత. నెలాఖరుకి పాట మొత్తం ఆవిడ గొంతులో ఉండేది. నువ్వు ఫోన్లో కొత్త పాట దొరికిందని అర్ధరాత్రి నాకు పంపుతావే, నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఆ పుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. పండక్కి వచ్చినప్పుడు తీసిస్తాను, నీకే.

నేను మైకు సెట్టు కుర్రాడిగా చేరినప్పుడు తీర్థాల్లో ఎక్కువగా వేయమని అడిగే రికార్డుల్లో ఘంటసాల గారి పుష్పవిలాపం ఒకటి. కరుణశ్రీ గారి పద్యాలు. సినిమా కోసం రాసినవి కావు. పిన్ను రికార్డు మీద పెట్టేటప్పుడు చెయ్యి వణక్కూడదు, గీత పడుతుంది. అది మొదలయ్యేసరికి మిఠాయి కొట్ల దగ్గర బేరాలు కూడా ఆగేవి. అంచేత మీ నాన్నకి నువ్వు జవాబు చెప్పుకోనక్కర్లేదు. నేను చెప్పాను.

నువ్వు పంపినవాటిలో చౌరస్తా బ్యాండు వాళ్లది, ఊరెళ్లిపోతా మామ, నాకు బాగా పట్టేసింది. మన మాట, మన యాస, దాపరికం లేని గొంతు. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాలే 2021లో జాతిరత్నాలు సినిమాలో చిట్టి పాట పాడాడని మీ తమ్ముడు చెప్పాడు. మంచిదే, పదిమందికీ తెలుస్తాడు. ఇండియన్ ఓషన్ వాళ్ల కందిస విన్నాను. కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన అట కదా, భాష అరమాయిక్. ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి. 2000 సంవత్సరంలో వచ్చిన పాట ఇన్నాళ్లూ నా దాకా రాలేదు, నువ్వు తెచ్చావు. ప్రతీక్ కుహాడ్ పాట మెత్తగా ఉంది. ఇంగ్లీషు నాకు అందినంత అందింది. ఒబామా 2019లో తనకి నచ్చిన పాటల్లో దాన్ని చేర్చాడని నువ్వు గర్వంగా రాశావు. ఆయన చేర్చకపోయినా నీకు నచ్చేది కదా, అంతే చాలు.

అయితే బుజ్జీ, ఆ పాటలో గిటారు తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇంత సన్నటి సంగతులు వినగలిగిన చెవులు నీవి. ఆ చెవుల మీదే నాకు బెంగ.

మా తమ్ముడు, అదే మీ చిన్నతాత, ఇప్పుడు ఘంటసాల పాట పెడితే గొంతు వినపడుతోందంటాడు, వయొలిన్లు ఎక్కడికి పోయాయని అడుగుతాడు. పెద్ద శబ్దం మొదట తినేసేది పైస్థాయి ధ్వనుల్నే, నాలుగువేల హెర్ట్జ్ చుట్టుపక్కల. స, శ, ఫ లాంటి అక్షరాలు సగం అక్కడే ఉంటాయి. అందుకే మనం మాట్లాడుతున్నామని వాడికి తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. మనవడు పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే మొహం చూసి నవ్వుతాడు. వాడు మైకు సెట్టు బాకా పక్కనే నిలబడి పనిచేశాడు. అప్పట్లో వాడికి చెప్పినవాళ్లు లేరు. నీకు చెప్పడానికి నేనున్నాను.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి చిన్న భాగం ఉంటుంది. అందులో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు పుట్టుకతోనే సుమారు పదిహేను వేలు వస్తాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. చర్మం మీద గీరుకుంటే మానుతుంది, జుట్టు ఊడితే కొంత మొలుస్తుంది, ఇవి మాత్రం మొలవవు. చెవుడు ముదిరాక మిషను పెట్టుకుంటే చప్పుడు పెద్దదవుతుంది గానీ పాట తిరిగి రాదు.

లెక్క కూడా చెబుతాను, ఇది నేను పనిలో నేర్చుకున్న లెక్కే. 85 డెసిబెల్స్ శబ్దంలో మనిషి రోజుకి ఎనిమిది గంటలుండొచ్చని వృత్తి భద్రత వాళ్లు గీత గీశారు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ శక్తి రెట్టింపు, కాబట్టి సమయం సగం. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు, 94 అయితే ఒకటి. 100 దగ్గరకొచ్చేసరికి పావుగంట. నువ్వు వెళ్లే కచేరీల్లో వంద సర్వసాధారణం, నువ్వుండేది మూడు గంటలు, అదీ ముందు వరసలో, కంచె పట్టుకుని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీలు జరిగే చోట్ల కోసమే ఒక ప్రమాణం పెట్టింది. పావుగంట సగటు మీద వంద డెసిబెల్స్ దాటకూడదు, ప్రేక్షకులకి చెవి ప్లగ్గులు అందుబాటులో ఉంచాలి, చెవులు తెరిపిన పడటానికి నిశ్శబ్దంగా ఉండే చోటొకటి చూపించాలి. నువ్వు వెళ్లిన చోట ఇవేమైనా ఉన్నాయేమో గమనించావా? లేకపోతే అడగండమ్మా, మీలాంటివాళ్లు పదిమంది అడిగితే పెడతారు.

నాకు పని నేర్పినాయన బాకా ఎప్పుడూ చింతచెట్టు కొమ్మకో వెదురు గెడ చివరికో కట్టించేవాడు. బాకా మూతి మనిషి తలకి సూటిగా ఉండకూడదని ఆయన పట్టుదల. పిల్లలెవరైనా కిందికి చేరితే రికార్డు ఆపేసి వాళ్లని పంపించాకే మళ్లీ పెట్టేవాడు. ఒకసారి పెళ్లివారు గొడవ పెట్టుకున్నా లొంగలేదు. సైకిలు కారేజీ మీద ఆంప్లిఫయరు, భుజాన బాకా, వెనక బ్యాటరీ మోసే కుర్రాడు. వానాకాలం గట్ల మీద ఆ ప్రయాణం చూసుంటే నీకు మీ జీరో ప్రయాణం ఏమంత కష్టం అనిపించదు.

జీరో అంటే గుర్తొచ్చింది. సెప్టెంబరులో అరుణాచల్‌లో జరిగే ఆ సంగీతోత్సవానికి వెళ్తానన్నావు. వెళ్లు. 2012 నుంచి జరుగుతోందనీ, అపతానీలు వెదురుతోనే వేదికలు కడతారనీ నువ్వు రాస్తే నాకే వెళ్లాలనిపించింది. వెదురు కట్టుబడి నాకు తెలిసిన విద్య. కట్లు ఎలా వేశారో దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు. ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకో, అది లేకపోతే మన దేశస్థుల్నయినా రాష్ట్రంలోకి రానివ్వరు. వానలుంటాయి, రాత్రి చలి. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, స్వెట్టరు మరిచిపోకు. అమ్మమ్మ సున్నుండలు కట్టిస్తానంటోంది.

చెవికి పెట్టుకునేవి కూడా ఆ సంచిలోనే ఉండాలి. దూది పెట్టుకుంటానంటావేమో, దూది దేనికీ పనికిరాదు. మందుల షాపులో స్పాంజి ప్లగ్గులు దొరుకుతాయి, ఖరీదు చాలా తక్కువ. వాటిని వేళ్లతో సన్నగా వత్తిలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తిప్పి చెవి పైకొసని కాస్త పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. సగం బయట వేలాడుతుంటే పెట్టుకోనట్టే. అయితే ఇవి పాటని కాస్త మసకబారుస్తాయి, ముఖ్యంగా పైస్థాయిని. పాట వినేవాళ్ల కోసమే వేరే ప్లగ్గులున్నాయి, సన్నటివీ బొంగురువీ సమంగా తగ్గిస్తాయి. వాటికి డబ్బు నేను పంపుతున్నాను. వద్దనకు.

నిలబడే చోటు కూడా చూసుకో. మా బాకా దగ్గర పదడుగుల్లో ఉన్నవాడు ఇరవై అడుగులకి జరిగితే ఆరు డెసిబెల్స్ తగ్గేది. మీ కచేరీల్లో వేలాడదీసే స్పీకర్ల వరసలు దూరానికి కూడా గట్టిగా వినపడాలని కట్టినవి, నాలుగడుగులు జరిగితే చాలదు. మిక్సరు పెట్టుకుని కూర్చునే సౌండు మనిషి దగ్గరికి వెళ్లు. అతను తన చెవికి పొందిగ్గా కుదుర్చుకునేది ఆ చోటునుంచే, పాట అక్కడ బాగుంటుంది కూడా. గంటకోసారి బయటికొచ్చి మంచినీళ్లు తాగు. కచేరీ అయిన మర్నాడు హెడ్‌ఫోన్ల జోలికి పోకు.

పాడేవాళ్ల మాటైనా విను, నా మాట చాదస్తమనిపిస్తే. నువ్వు ముంబై వెళ్లి చూసొచ్చావే, కోల్డ్‌ప్లే, ఆ క్రిస్ మార్టిన్‌కి చెవుల్లో హోరు ఏళ్ల తరబడి ఉంది. చెవులకి రక్షణ లేకుండా ఆయన ఇప్పుడు వేదికెక్కడు. అల్కా యాగ్నిక్ గారు 2024 జూన్‌లో తనకి హఠాత్తుగా వినికిడి పోయిందని చెప్పుకున్నారు. వైరస్ వల్ల అని డాక్టర్లు చెప్పినా, పెద్ద శబ్దాలతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్త అని అభిమానులకీ తోటివాళ్లకీ మరీ మరీ చెప్పారు. అలా ఎప్పుడైనా ఒక్కసారిగా చెవి మూసుకుపోయినట్టయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రేపటికి వాయిదా వెయ్యకూడదు.

నీ మీద కోపం లేదమ్మా. నువ్వు పాట పంపిన రోజు నాకు పండగ. ఈ వయసులో కొత్త పాట వినిపించే మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు డెబ్బై ఏళ్లు వచ్చాక కూడా ఎవడో కుర్రాడి కొత్త పాట విని, దాన్లో తీగ మీద వేలు జారిన చప్పుడు పట్టుకోవాలని నా కోరిక.

ఈ వారంలోనే చెవి పరీక్ష చేయించుకో. ఆడియోగ్రామ్ అంటారు, గదిలో కూర్చోబెట్టి సన్నటి చప్పుళ్లు వినిపిస్తారు, నొప్పేమీ ఉండదు. ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. డబ్బు చేరగానే ప్లగ్గులు కొని ఆ సంగతీ రాయి. ఆ రెండూ వచ్చేదాకా ఏ కచేరీకీ టికెట్ కొననని నాకు మాటివ్వు.

ఆశీస్సులతో
తాతయ్య