వేగవంతమైన వైర్‌లెస్ కొరకు ఎదురుచూపు – ఒక పరిశీలన

కోరిన వస్తువు చేతికి రాకముందే దానిని గురించి మాట్లాడుకోవడంలో మనిషికి ఒక ఆనందం ఉన్నది. మైలవరం జలాశయం నుండి నీరు వదిలారని తెలియగానే పెన్న ఒడ్డున జనం చేరి, నీరు ఎంతవరకు వచ్చినది, ఎప్పటికి తమ ఊరికి చేరుతుంది అని లెక్కలు వేస్తారు. సెల్‌ఫోను కంపెనీ కొత్త తరం వైర్‌లెస్ సౌకర్యాన్ని తెస్తున్నదనే వార్త వచ్చినప్పుడు నేటి యువకుల స్థితి ఇంచుమించు ఇటువంటిదే. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఇట్టి ఉత్సాహవంతులు కొందరు తప్పక ఉంటారు. టవరుపై కొత్త పెట్టె బిగిస్తే దాని పేరు వారికి తెలుసు. ఏ కంపెనీ ఏ బాండును కొన్నదో వారికి కంఠస్థం. వేగాన్ని కొలిచి, వచ్చిన అంకెను మిత్రులకు చూపనిదే వారికి తోచదు.

పెద్దలు దీనిని కాలక్షేపమని అనవచ్చు. నా అభిప్రాయంలో ఇది తీసివేయదగిన ఉత్సాహం కాదు. అయితే దానికి కొంత శాస్త్రజ్ఞానం, కొంత చరిత్ర, కొంత సామాజిక దృష్టి తోడు కావలసి ఉన్నది. ఆ మూడింటినీ విద్యార్థుల ముందు క్లుప్తంగా ఉంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

తరాల చరిత్ర

మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగినది. కలకత్తా నుండి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. ఆనాటిది రెండవ తరం, అనగా 2జి. మాట వినిపించడమే దాని ప్రధాన ధర్మం. 2008 డిసెంబరులో ఢిల్లీలో ఎం.టి.ఎన్.ఎల్. ద్వారా మూడవ తరం ప్రవేశించినది. నాలుగవ తరాన్ని 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో ఆరంభించినది. 2016 సెప్టెంబరు 5న జియో రంగప్రవేశం చేసిన తరువాతనే అది సామాన్యుని చేతికి వచ్చినది. ఐదవ తరం 2022 అక్టోబరు 1న ఢిల్లీలో ప్రారంభమైనది.

తరం మారినప్పుడల్లా మారేది వేగమొక్కటే కాదు. సమాధానం తిరిగి రావడానికి పట్టే వ్యవధి తగ్గుతుంది. ఒకే చోట పనిచేయగల పరికరాల సంఖ్య పెరుగుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐదవ తరానికి విధించిన కొలమానాలు ఇవి: ఆదర్శ పరిస్థితులలో గరిష్ఠ వేగం సెకనుకు 20 గిగాబిట్లు, నగర ప్రాంతాలలో సామాన్య వినియోగదారునికి అందవలసిన వేగం సెకనుకు 100 మెగాబిట్లు, చదరపు కిలోమీటరుకు 10 లక్షల పరికరాలు.

ఈ అంకెలను మన అనుభవానికి అన్వయించి చూద్దాం. 500 మెగాబైట్ల పాఠం ఒకటి ఉన్నదనుకోండి. బైటుకు 8 బిట్లు కనుక అది 4,000 మెగాబిట్లు. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో దానిని దించుకోవడానికి 2,000 సెకన్లు, అనగా సుమారు 33 నిమిషాలు పడుతుంది. 20 మెగాబిట్లయితే 3 నిమిషాల 20 సెకన్లు. 100 మెగాబిట్లయితే 40 సెకన్లు. మొదటి విద్యార్థి విసిగి పుస్తకం మూసివేసే వేళకు మూడవ విద్యార్థి పాఠంలో సగభాగం విని ఉంటాడు. ఎదురుచూపులోని అసలు అర్థం ఇక్కడ ఉన్నది.

తరంగ ధర్మం

వైర్‌లెస్ వేగానికి ఆధారం తరంగం. అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1948లో ఒక సూత్రాన్ని నిరూపించారు. ఒక మార్గంలో ఎంత సమాచారం పంపవచ్చుననేది రెండింటిపై ఆధారపడుతుంది. ఒకటి ఆ మార్గం యొక్క వెడల్పు, రెండవది సంకేతానికీ దానిని చెరిపే రొదకూ గల నిష్పత్తి. రహదారి ఎంత వెడల్పుగా ఉంటే అన్ని బండ్లు ఒకేసారి సాగిపోగలవు. తరంగాలలో వెడల్పైన రహదారులు పై పౌనఃపున్యాలలోనే ఖాళీగా ఉన్నవి. అందువలన కొత్త తరాలు నానాటికీ పైకి ప్రాకుతున్నవి.

కాని పైకి పోయినకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. 3,300 మెగాహెర్ట్జ్ తరంగం 9 సెంటీమీటర్లు. 26 గిగాహెర్ట్జ్ తరంగం 12 మిల్లీమీటర్ల లోపే. పొడవైన తరంగం గోడలను దాటుకొని దూరం పోగలదు. పొట్టి తరంగం మోయగల బరువు ఎక్కువ, పోగల దూరం తక్కువ. గోడ, చెట్టు, గుట్ట ఏది అడ్డమైనా అది చిక్కిపోతుంది. మిల్లీమీటరు తరంగాలు కొత్తవని అనుకోరాదు. 1895 ప్రాంతంలోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు ఇట్టి పొట్టి తరంగాలను పుట్టించి ప్రయోగాలు చేసి చూపారు.

ఇప్పుడు మన ప్రాంతాన్ని చూడండి. ఎర్రమల కొండలను పెన్న చీల్చిన గండికోట లోయ జమ్మలమడుగు చేరువలోనే ఉన్నది. పులివెందుల పరిసరాలలో గుట్టల నడుమ అరటి తోటలు, చీనీ తోటలు పరచుకొని ఉన్నవి. పెద్దముడియం వైపు నల్లరేగడి చేలు కనుచూపు మేర సాగుతవి. ఊరికీ ఊరికీ నడుమ దూరం ఎక్కువ. ప్రొద్దుటూరు బజారులో ఇంటిపై ఇల్లు, అంగడి ప్రక్కన అంగడి. ప్రొద్దుటూరుకు సరిపోయే తరంగం గండికోట ప్రక్క పల్లెకు సరిపోదు. ఒకే కంపెనీ, ఒకే ఫోను, ఒకే రుసుము అయినప్పటికీ రెండు చోట్ల రెండు వేగాలు కనిపించడానికి గల కారణాలలో ఇది మొదటిది.

రెండవ కారణం, టవరు శక్తిని అందరూ పంచుకోవలసి రావడం. రాత్రి భోజనానంతరం ఊరంతా ఒకేసారి ఫోను చేతపట్టినప్పుడు ఎవరి వాటా వారికి తగ్గుతుంది. మూడవది, టవరు వెనుక ఉన్న తీగ. కుళాయి పెద్దదైనా దానికి నీరు తెచ్చే గొట్టం సన్ననిదైతే ధార పెరగదు. టవరు వరకు ఆప్టికల్ ఫైబరు రానిచోట కొత్త తరం పెట్టె బిగించినా పూర్తి ఫలం దక్కదు. వైర్‌లెస్ అని మనం పిలిచే దానిలో అధికభాగం తీగయే అన్నమాట!

రెండు ఎదురుచూపులు

ఇటీవలి సంవత్సరాలలో మన రాష్ట్రవాసులు రెండు విధాల ఎదురుచూశారు. మొదటిది ఐదవ తరం కొరకు. 2021 జనవరిలో ఎయిర్‌టెల్ హైదరాబాదులో 5జి ప్రదర్శన చేసినప్పటి నుండి ఈ ఆశ మొలకెత్తినది. 2022 జూలై, ఆగస్టులలో జరిగిన వేలంలో ప్రభుత్వానికి 1,50,173 కోట్ల రూపాయల బిడ్లు వచ్చినవి. దూరం పోగల 700 మెగాహెర్ట్జ్ బాండును ఆ వేలంలో కొన్నది జియో ఒక్కటే. అక్టోబరు నాటి మొదటి జాబితాలో తెలుగువారి నగరం హైదరాబాదు ఒక్కటే. అది ఎయిర్‌టెల్ జాబితా. ఆంధ్రప్రదేశ్‌లో జియో సేవ 2022 డిసెంబరు 26న తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరులలో మొదలైనది. కడప పేరు 2023 జనవరి జాబితాలో వచ్చినది. జాబితా వెలువడిన ప్రతిసారీ తమ ఊరి పేరు వెదకుకొనడం ఉత్సాహవంతులకు పరీక్షా ఫలితాలు చూచుకొన్నట్లే ఉండేది.

రెండవ ఎదురుచూపు ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. వారి 4జి కొరకు. ఇది దీర్ఘమైనది. 2019 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ఆ సంస్థకు 4జి తరంగాలు కేటాయిస్తామని ప్రకటించినది. విదేశీ పరికరాలు గాక స్వదేశీ పరికరాలే వాడవలెనని నిర్ణయించడంతో 2020 నాటి టెండరు రద్దయినది. సి-డాట్ వారి కోర్ వ్యవస్థ, తేజస్ వారి రేడియో పరికరాలు, టి.సి.ఎస్. వారి సమన్వయం కలసి ఒక స్వదేశీ నిర్మాణం రూపుదిద్దుకొన్నది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రుసుములు పెంచగా లక్షలాది మంది బి.ఎస్.ఎన్.ఎల్.కు మారారు. చవక రుసుము దొరికినది గాని కోరిన వేగం అనేక చోట్ల ఇంకా రాలేదు. చివరకు 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రధానమంత్రి 97,500కు పైగా 4జి టవర్లను జాతికి అంకితం చేశారు.

ఈ ఆరు సంవత్సరాల ఆలస్యాన్ని కొందరు అసమర్థత అన్నారు, కొందరు స్వావలంబనకు చెల్లించిన మూల్యం అన్నారు. రెండు వాదాలలోనూ సత్యాంశం ఉన్నది. స్వంత పరికరం తయారుచేసుకొన్న దేశం రేపటి తరానికి ఇతరుల ముఖం చూడనక్కరలేదు. అదే సమయంలో, 2020లో విద్యాలయాలు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు మేడపైకో గుట్టపైకో ఎక్కి సంకేతం వెదకుకొన్న విద్యార్థికి ఆ సంవత్సరం తిరిగి రాదు. దేశానికి ఆలస్యం ఒక లెక్క; విద్యార్థికి అది ఒక తరగతి.

పల్లె కొరకు ఒక ప్రమాణం

ఉత్సాహవంతులు సాధారణంగా గమనించని ఒక విషయాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. ఐదవ తరం ప్రమాణాలు నిర్ణయిస్తున్న కాలంలో పల్లెలలో టవరుకూ టవరుకూ నడుమ దూరం 1,732 మీటర్లుగా భావించి పరీక్షలు రూపొందించారు. మన పల్లెలలో అంత దగ్గరగా టవర్లు నిలపడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పంచాయతీ కేంద్రం వరకు ఫైబరు వస్తే, అక్కడి ఒక్క టవరు చుట్టుప్రక్కల మజరా గ్రామాలన్నింటినీ అందుకోవాలి. ఈ వాదాన్ని భారతీయ నిపుణులు అంతర్జాతీయ వేదికపై వినిపించారు. ఫలితంగా టవర్ల నడుమ 6 కిలోమీటర్ల దూరం గల పరీక్ష కూడా గ్రామీణ ప్రమాణంలో చేరినది. దానికి తగినట్లు సంకేతం మరింత దూరం పోయే పద్ధతిని రూపొందించిన వారిలో హైదరాబాదు ఐ.ఐ.టి., మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు ఉన్నారు. 5జి-ఐ అనే పేరుతో వెలసిన ఆ భారతీయ ప్రమాణం తరువాత ప్రపంచ ప్రమాణంలో విలీనమైనది.

దూరం సుమారు మూడున్నర రెట్లయితే వైశాల్యం దాని వర్గం మేరకు, అనగా 12 రెట్లు పెరుగుతుంది. పన్నెండు టవర్లు కావలసిన చోట ఒకటి చాలునన్నమాట! లింగాలకో, కొండాపురానికో, రాజుపాలేనికో కొత్త తరం వస్తుందా రాదా అనేది ఇట్టి లెక్కలపై ఆధారపడి ఉన్నది. గణితం చదివే మన విద్యార్థులు ఈ వర్గ సూత్రాన్ని పరీక్షకు మాత్రమే పరిమితం చేయరాదు.

మన కర్తవ్యం

వేగం వచ్చిన తరువాత ఏమిటి? ఇది అందరూ వేసుకోవలసిన ప్రశ్న. తెలుగులోనూ ఉర్దూలోనూ శాస్త్ర పాఠాలు ఇంగ్లీషులో ఉన్నంత విరివిగా లేవు. వెడల్పైన రహదారి వేసి దానిపై మన భాషల బండ్లు నడపకపోతే ఆ రహదారి ఇతరులకే ఉపయోగపడుతుంది. భౌతికశాస్త్ర విద్యార్థి ఒక పాఠాన్ని తెలుగులో చెప్పి భద్రపరచవచ్చు. ఉర్దూ విద్యార్థి అదే పాఠాన్ని తన భాషలోకి మార్చవచ్చు. రెండు భాషలూ ఒకే కప్పు క్రింద వినిపించే కళాశాలకు ఇది సహజమైన పని.

రెండవ కర్తవ్యం కొలత. పత్రికా ప్రకటనలో ఉన్న వేగం వేరు, మన వాకిట దొరికే వేగం వేరు. ట్రాయ్ వారి మైస్పీడ్ అనే సాధనంతో ఎవరైనా వేగాన్ని కొలవవచ్చు. ఏ తరం సేవ ఏ ప్రాంతంలో అందుతున్నదో చూపే పటాలను కంపెనీలు ప్రకటించాలని ట్రాయ్ 2024లో నియమం చేసినది. ప్రతి విద్యార్థీ తన ఊరిలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళల వేగాన్ని నెల దినాలు నోటుపుస్తకంలో వ్రాసి, పటంతో పోల్చి చూస్తే బాగుంటుంది. ఆ పట్టిక భౌతికశాస్త్రానికి ప్రయోగం అవుతుంది, గణాంకశాస్త్రానికి అభ్యాసం అవుతుంది. పటానికీ వాస్తవానికీ తేడా ఉన్నచోట గ్రామస్థుల విన్నపానికి ఆధారం కూడా అవుతుంది. కళాశాల కమిటీ పెద్దలు ఇట్టి పనిని ప్రోత్సహించవలెనని మనవి. దీనికి పెద్ద వ్యయం లేదు.

ఇక ఉత్సాహవంతులకు ఒక మాట. ఆరవ తరాన్ని గురించిన చర్చ అప్పుడే ప్రపంచంలో మొదలైనది. దాని కొరకూ మీరు ఎదురుచూస్తారు, తప్పులేదు. అయితే పట్టణంలో మీ ఫోనులో కనిపించే పెద్ద అంకెను చూచి సంతోషించేటప్పుడు, మీ ప్రక్క బెంచీలో కూర్చునే పల్లె మిత్రుని ఫోనులో ఎంత వస్తున్నదో కూడా అడగండి. ఆ రెండు అంకెల నడుమ దూరం తగ్గించే విద్యను అభ్యసించడానికే మీరు ఈ కళాశాలకు వచ్చారు.