మట్టిలోని మందు గాలిలోకి రాకుండా

స్వగ్రామం నుంచి వచ్చేటప్పుడు పొలానికి కొన్న గుళికల మందులో పిడికెడు మూటగట్టి తెచ్చి, ఇక్కడ మేడమీది కుండీలలో చల్లే అలవాటు మనవారిలో కొందరికి ఉంది. ఘాటుగా వాసన కొట్టే ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధమని వారిలో ఎందరికి తెలుసు?

మట్టిలో వేసిన మందు మట్టిలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. ఆవిరయ్యే స్వభావం గల మందు మట్టిరేణువుల నడుమ ఖాళీల గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఎండ హెచ్చినకొద్దీ ఆవిరీ హెచ్చుతుంది. పొడిమట్టి పట్టి ఉంచిన మందును కొద్దిపాటి తడి సైతం తోసివేసి, ఆ చోటును తాను ఆక్రమిస్తుంది. కనుకనే సాయంత్రం నీళ్లు చల్లగానే వాసన గుప్పుమంటుంది; పక్కనే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

సేంద్రియ ఎరువు ఇక్కడ రెండు విధాల పనిచేస్తుంది. మందు అణువులను తనకు అంటించుకొని ఆపుతుంది. తనలోని సూక్ష్మజీవుల చేత వాటిని విచ్ఛిన్నం చేయిస్తుంది. కాలిఫోర్నియాలో నాట్లకు ముందు నేలలోకి ఎక్కించే 1,3-డైక్లోరోప్రొపీన్ గాలిలో మితిమీరి కనిపించినందున 1990లో దాని వాడకాన్ని కొన్నేళ్లపాటు నిలిపివేశారు. తరువాత ప్రయోగశాలలో మట్టి పైపొరలో మాగిన పశువుల ఎరువు కలిపి చూడగా ఆవిరి బాగా తగ్గింది. పొలంలో మాత్రం, రైతు వేయగలిగినంత ఎరువుతో, ప్రతిసారీ ఆ ఫలితం రాలేదు. ఎకరాల నేలకు చాలినంత ఎరువు తోలడం సామాన్యమైన పని కాదు. కుండీకి ఆ చిక్కు లేదు; మూడోవంతు ఎరువైనా సులువుగా కలపవచ్చు.

ఎరువు మాగినదై ఉండాలి: నల్లగా, పొడిపొడిగా, చేతికి వేడి తగలకుండా, మట్టివాసనతో. పచ్చిపేడ వేస్తే మందు వాసనకు అమ్మోనియా తోడవుతుంది. బెంగళూరు నర్సరీలలో సంచులపై కన్నడంలో కనిపించే ‘సావయవ గొబ్బర’ మన సేంద్రియ ఎరువే. అనువాదకుడిగా ఈ మాట నన్ను తరచూ అడుగుతుంటారు. ఇంటి తడిచెత్తతో చేసుకున్నదీ అంతే మంచిది.

అయితే ఎరువు కలిపాం గనుక మందు వేయవచ్చని అర్థం చేసుకోరాదు. ఎరువుకు అంటుకున్న మందు పురుగుకూ సరిగా అందదు. అందలేదని మరింత వేస్తే మొదటికే మోసం. ఇదివరకే గుళికలు వేసిన కుండీలలో ఆకుకూరలు పెంచకండి. మిగిలిన గుళికలను, ఖాళీ డబ్బాలను తడిచెత్తలో గాని పొడిచెత్తలో గాని కలపక, విడిగా మూటగట్టి ‘గృహ ప్రమాదకర వ్యర్థం’ అని చెప్పి చెత్తబండివారికి అప్పగించండి.