వేవిళ్ళలో నోటినీరు

ప్రశ్న: నాకు మూడవ నెల. వేవిళ్ళతోపాటు నోట నీరు ఎడతెగక ఊరుచున్నది. మ్రింగబోయినచో వాంతి వచ్చుచున్నది గనుక చేతిలో లోటా పట్టుకొని తిరుగుచున్నాను. బడిలో పాఠము చెప్పుటకు నోరు విప్పలేకున్నాను. రాత్రులు దిండు తడిసిపోవుచున్నది. ఇది కడుపులోని బిడ్డకు చెరుపు చేయునా?
— ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: అమ్మా, బిడ్డను గూర్చిన భయము ముందుగా విడువుడు. లాలాజలము అధికమగుట వలన గర్భస్థ శిశువునకు నేరుగా కలుగు హాని లేదు.

చెవుల ముందరను, దవడల క్రిందను, నాలుక అడుగునను ఉన్న గ్రంథులు ఆరోగ్యవంతులలో సైతము దినమునకు 0.5 నుండి 1.5 లీటర్ల వరకు లాలాజలమును ఊరించుచుండగా, మాటలలోను పనులలోను ఎరుక లేకయే దానిని మ్రింగివేయుచుందుము గనుక, అంత నీరు నోటికి వచ్చుచున్నదన్న సంగతియే మనకు తోచదు. గర్భము నిలిచిన తొలి మాసములలో కడుపు త్రిప్పుట మొదలై, మ్రింగుటయే రోత పుట్టించినపుడు, ఊరినదంతయు నోటనే నిలిచిపోవును. పైగా కడుపులోని ఆమ్లము అన్నవాహికలోనికి ఎగదన్నినచో, దానిని శమింపజేయుటకై క్షారగుణముగల లాలాజలము మరింతగా స్రవించును. బాధ తీవ్రమైనవారు దినమునకు 2 లీటర్ల వరకు ఉమ్మివేయుటయు కలదు. కావున, ఇంటనెవరైన ‘ఎప్పుడు చూచినను ఆ ఉమ్ములేమి?’ యని విసుగుకొన్నచో, ఇది మీ చేతిలోనున్న అలవాటు కాదని వారికి ఈ జవాబు చదివి వినిపింపుడు. బడిలోను సిగ్గుపడక తోటివారితో చెప్పి, మూతగల గ్లాసొకటి దగ్గర ఉంచుకొనుడు.

వేవిళ్ళు అదుపునకు వచ్చినచో ఈ బాధయు చాలవరకు తగ్గును. కడుపు ఖాళీగా ఉంచక, రెండు మూడు గంటలకొకసారి పేలాలో, మరమరాలో, మజ్జిగ అన్నమో నాలుగు ముద్దలు తినుడు, తినగానే పడుకొనకుడు. పులుపు సంగతి కొంత చెప్పవలెను. ఉప్పు కారమద్దిన పచ్చి మామిడిముక్క నాలుకపై పడగానే వికారము చప్పున అణగినట్లు తోచును. కాని గ్రంథులను పులుపంతగా రెచ్చగొట్టునది మరియొకటి లేదు గనుక, మరుక్షణమే నోరు మరల నిండును. మానుమని నేననను, తిన్నపిదప ఏమగుచున్నదో రెండు మూడు దినములు గమనించి, మీరే నిర్ణయించుకొనుడు. మంచుముక్క చప్పరించుట, చల్లని నీటిని గుటక గుటకగా త్రాగుట కొందరికి మ్రింగుటను సులభము చేయును. మ్రింగగలిగినంత మ్రింగుట మేలు. ఉమ్మక తప్పనిచో, పోయిన నీటిని మజ్జిగతేటతోను కొబ్బరినీటితోను మరల పూరింపవలెను.

వాంతి అయిన వెంటనే పండ్లు తోముకొనరాదు. ఆమ్లము వలన మెత్తబడిన పంటిపై పొర అరిగిపోవును. గ్లాసెడు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, గంట తరువాత మెత్తని బ్రష్షుతో తోముకొనుడు. రాత్రి ప్రక్కకు తిరిగి పడుకొని, దిండుపై తువాలు పరచుకొనుడు. నోరు ఎండజేయు మందులు కొన్ని కలవు గాని, అవి గుండెదడను, మలబద్ధమును కలిగింపగలవు; స్వయముగా కొని వాడరాదు. వికారమునకు గర్భిణులకు తగిన మందులను మీ వైద్యురాలు వ్రాసి ఇచ్చును.

త్రాగిన నీరు నిలువకున్నను, మూత్రము తగ్గి ముదురు రంగుగ వచ్చుచున్నను, లేచి నిలిచినపుడు కన్నులు తిరుగుచున్నను, 50 కిలోలు తూగుచుండినవారు 47.5 కిలోలకు దిగినను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. జ్వరముతో గొంతునొప్పియు, దవడ క్రింద వాపును ఉన్నచో అది వేరు వ్యాధి. మీ బాధ సాధారణముగ నాలుగైదు నెలలకు తగ్గును. కొందరికి కాన్పు వరకు ఉండి, ఆ పిమ్మట పోవును.

ప్రశ్న: నోరూరుట ఆగునని మా కోడలు బలపములు, పచ్చి బియ్యము తినుచున్నది. జర్దా కిళ్ళీ వేసుకొమ్మని పొరుగువారనుచున్నారు. వేయవచ్చునా?
— ఒక అత్తగారు, నల్లగొండ

జవాబు: జర్దా ఎంతమాత్రము వలదమ్మా, పొగాకు వలన బిడ్డ తక్కువ బరువుతో పుట్టును. వక్కయు మానిపింపుడు. బలపములపై కోరిక కలిగినపుడు రక్తహీనతను అనుమానింపవలెను. అమ్మాయిని కోప్పడక, ఈ వారముననే రక్తపరీక్ష చేయింపుడు. హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువైనచో వైద్యురాలిచ్చు ఇనుము మాత్రలను కాఫీ, టీలతో కాక, నీటితో మ్రింగింపుడు.