ఎఱుకగల కల

కలలు కననివారు అరుదు. కలలో మనము పక్షులవలె ఎగురుదుము. చదువని పాఠమునకు పరీక్ష వ్రాయుచు వణకుదుము. అప్పుడది యంతయు నిజమనియే తలంతుము. మేలుకొనిన పిమ్మటగాని కల యని తెలియదు. అయితే కొందఱికి ఒక్కొక్కప్పుడు కల సాగుచుండగనే “ఇది కల” యని తోచును. ఇట్టివానిని ‘ఎఱుకగల కలలు’ అనవచ్చును. హాలెండు దేశపు వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో తన యనుభవములను పరిశీలించి వీనినిగూర్చి యొక వ్యాసము ప్రకటించెను.

పండితులు పెక్కుమంది దీనిని నమ్మలేదు. “నిద్రించువానికి ఎఱుక యెక్కడిది? ఆ క్షణమున అతడు మేలుకొనియే యుండును” అని వారి వాదము. కలగన్నవాని మాట తప్ప వేఱు సాక్ష్యము లేకుండెను.

1953లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు ఒక వింతను వెల్లడించిరి. నిద్రలో కొన్ని వేళల ఱెప్పల క్రింద కనుగ్రుడ్లు వడివడిగా కదలును. స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వచ్చును. ఆ సమయమున కాలుసేతులు పట్టుదప్పి యుండును. కన్నులు మాత్రము కదలగలవు. కావున కలలోనుండి వార్త పంపుటకు కన్నులే తగిన దూతలు.

ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున కీత్ హెర్న్ 1975లో ఈ యుపాయమునే పరీక్షించెను. కల యని గుర్తించినతోడనే కన్నులను ఎడమకును కుడికిని పలుమారులు త్రిప్పవలెనని ఆలన్ వర్స్‌లీ అను నతనితో ముందుగా ఏర్పాటు చేసికొనెను. యంత్రముపై ఆ సంకేతము నమోదయ్యెను. అతడు నిద్రలోనే యున్నాడని మెదడు గీతలు తెలిపెను. అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ కూడ దీనిని వేఱుగా నిరూపించెను. 2021లో ప్రకటితమైన పరిశోధనలో, కలగనుచున్న యొక యువకుని “8లోనుండి 6 తీసివేసిన ఎంత?” అని యడుగగా, అతడు కన్నులను రెండుమారులు త్రిప్పి సరియైన బదులు చెప్పెను. అందఱును అట్లు చెప్పలేకపోయినను, ఒక్కరు చెప్పుటయే గొప్ప వింత గదా!

ఈ యెఱుక ఎట్లు కలుగును? కలలోని అసంభవమైన విషయమొకటి అనుమానము పుట్టించుట ఒక కారణము. పగటివేళ పలుమారులు “ఇది నిజమా, కలయా?” అని ప్రశ్నించుకొని, చదివిన పంక్తినే మరల చదివి చూచువారు గలరు. కలలో అక్షరములు తఱచుగా మాఱిపోవును. ఉదయమున లేచినతోడనే కలలను వ్రాసికొనుటయు, “నేడు కలను గుర్తింతును” అని నిశ్చయించుకొని నిద్రించుటయు సాయపడును. ఈ నేర్పుచే కొందఱికి పీడకలల బాధ తగ్గినది. అయితే ఇందులకై నడిరేయి లేచి నిద్రను చెఱుపుకొనుట ఎదుగు పిల్లలకు తగదు.

“ఇది నిజమా?” అను ప్రశ్నయే కలగనువానికి కలను తెలిపినది. సాక్ష్యము లేనిదే నమ్మని పండితుల ప్రశ్నయు అదియే. నమ్ముటకు ముందు ప్రశ్నింపవలెను. సాక్ష్యము దొరకిన పిదప ఒప్పుకొనవలెను. ఈ రెండును విద్యార్థికి పగటివేళనే అలవడవలసిన గుణములు.