అప్పు చేసి ఫారెస్ట్రీ చదివించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫారెస్ట్రీ చదువుతానంటోంది. ప్రైవేటు కాలేజీకి 6 లక్షల విద్యారుణం కావాలి. తర్వాత తీర్చగలదా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఇక్కడ చిక్కు జీతం కన్నా ఆలస్యంతోనే ఎక్కువండీ. అటవీ శాఖ కొలువులకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే పెరుగుతుంది.

10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే 6 లక్షలకు నెల కిస్తీ సుమారు 7,900 రూపాయలు. అది చేతికొచ్చే జీతంలో ఐదో వంతు దాటకూడదనుకుంటే 40 వేల జీతం రావాలి.

ముందు సిద్దిపేట జిల్లా ములుగులోని ప్రభుత్వ అటవీ కళాశాలకు ప్రయత్నించండి. ప్రైవేటు కాలేజీ అయితే పాత విద్యార్థులనే జీతాలు అడగండి. వీలైతే చదువుతుండగానే వడ్డీ కట్టేయండి. ఇల్లో పొలమో తాకట్టు అడిగితే మాత్రం, సంతకానికి ముందే ఆర్థిక సలహాదారును కలవండి.