కాలిబాట పద్దు

హైదరాబాదు పాతబస్తీ మోటారు వాహనము నెఱుగని కాలమున వెలసిన నగరము. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును కట్టించినపుడు దాని నాలుగు దిక్కులకు నాలుగు రాజవీథులు తీర్చిరి. నేటికిని గాజులకై లాడ్‌బజారునకు వచ్చు స్త్రీలు, పత్తర్‌గట్టి దుకాణములకు బట్టల మూటలు మోయు హమాలీలు, తోపుడుబండ్లవారు, బడిపిల్లలు ఆ వీథులలో కాలినడకనే సంచరించుచున్నారు. కారులో వచ్చు ధనవంతుడును గాజులు బేరమాడవలెనన్న దిగి నడువవలసినదే కదా!

వీరికొఱకును, వాహనముల పొగనుండి ఆ ప్రాచీన కట్టడమును కాపాడుటకును ప్రభుత్వము చార్మినారు పాదచారుల పథకమును చేపట్టినది. కట్టడము చుట్టును వాహనములను నిలుపుట, వానిని చుట్టుదారులమీదికి మరలించుట, నేలపై రాతిపలకలు పఱచుట అందలి ముఖ్యాంశములు. వినుటకు ఇది సులభముగనే తోచును. కాని చుట్టుదారి వేయవలెనన్న కొందఱు తమ యిండ్లలో, దుకాణములలో కొంతభాగము వదలుకొనవలెను. వారికి పరిహారము చెల్లింపవలెను. వీథి వర్తకుల జీవనోపాధిని రక్షించుటకు 2014లో చేసిన చట్టము కలదు. వారికిని చోటు చూపక తప్పదు. అందువలన ఈ పథకము రెండు దశాబ్దములకు పైగా సాగినది.

ఇట్లు మెల్లగా సాగు పనికి ఒక యపాయము కలదు. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరము మార్చి 31వ తేదీతో ముగియును. అప్పటికి ఖర్చు కాని కేటాయింపు రద్దగును. నడుమనే ఒక పనికి ఉద్దేశించిన సొమ్మును, నిబంధనలకు లోబడి, మఱియొక పనికి మార్చుటయు కలదు. నీరు పల్లమెఱుగు నన్నట్లు సొమ్మును పెద్ద వంతెనల వైపునకే పారును. వంతెనకు ప్రారంభోత్సవము జరుగును. ఊడిన రాతిపలకను సరిచేసినందుకు శిలాఫలకము వేయించు వారెవ్వరు?

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. వాహనములు గాక మనుష్యులు కదలుటయే ముఖ్యమని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము చెప్పినది. విధానము మంచిదే, సొమ్మునకు గట్టు మాత్రము అది వేయలేదు. ఆ గట్టును చెన్నై నగరపాలక సంస్థ వేయ సంకల్పించెను. 2014లో అది తన రవాణా వ్యయమున కనీసము 60 శాతము నడకకు, సైకిలుకు కేటాయింపవలెనని నిర్ణయించినది. తీర్మానము వేఱు, ఖర్చు వేఱు. అయినను 2019లో ఆ నగరమున పాండీబజారు వీథి పాదచారులకు విశాలమైనది. రవాణా పెట్టుబడిలో 20 శాతమైనను నడకకు, సైకిలుకు ఉంచుడని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2016లో కోరెను.

హైదరాబాదునకు సొమ్ము లేదనరాదు. 2023లో నగరపు పడమటి అంచున, బాహ్యవలయ రహదారి ప్రక్కన, సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వెలసినది. చూచుటకు అది ముచ్చటగా నుండును. కాని పాతబస్తీలో సైకిలుపై పాలు పోయువానికి అది బహుదూరము.

2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డులేని కాలిబాట పౌరుని జీవించు హక్కులో భాగమని ప్రకటించినది. న్యాయస్థానము తీర్పు చెప్పునే గాని రాళ్లు పఱవదు. ఆ రాళ్లకు ఈ యేట ఎంత కేటాయించిరి, ఎంత ఖర్చు చేసిరి, మిగిలినది ఏ పద్దునకు మరలినది అని స్వల్ప రుసుముతో అడిగి తెలిసికొనుటకు 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రతి పౌరునకు వీలు కల్పించుచున్నది.