స్వాతంత్ర్యమను మాట యెవరిది?

కలిదిండి పొలములలో కాలువనీటికి తీరువా చెల్లించు రైతు, "ఈ తీరువాను నిర్ణయించినవారిని మేమెన్నుకొంటిమా?" యని యడిగెనేని, 1765లో అమెరికా వలసలవారు పలికిన మాటనే పలికినవాడగును. ఆ యేట బ్రిటిషు పార్లమెంటు వారి దస్తావేజులపైనను వార్తాపత్రికలపైనను స్టాంపు సుంకమును విధించెను. సుంకపు భారముకన్న, ఆ సభలో తమ ప్రతినిధి యొక్కడును లేడనునదియే వారిని ముఖ్యముగా బాధించెను. స్టాంపు కాగితముతో నిత్యము పనిగల మావంటి న్యాయవాదులకు, దానినుండి విప్లవము మొలకెత్తెననుట వింతగానే తోచును.

సమ్మతి, ప్రాతినిధ్యము, హక్కు అను మాటలను వారు క్రొత్తగా కల్పింపలేదు. మనుజుని సొత్తును అతని సమ్మతి లేక ప్రభుత్వము గైకొనరాదని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దముననే వ్రాసియుండెను. దీనికి ఇంగ్లండున ప్రభుత్వపక్షమువారు చెప్పిన సమాధానము గమనింపదగినది. పార్లమెంటు సభ్యుడు తన్నెన్నుకొన్నవారికే గాక సామ్రాజ్యమునకెల్ల ప్రతినిధియట; కావున ఓటు లేకున్నను వలసలవారికి ప్రాతినిధ్యము కలదట! మన యిండ్లలో ఆడువారి పక్షమున మగవారే మాటాడుటకు చెప్పుకొను సమర్థనము దీనికి భిన్నమా?

1776 జూలై 4వ తేదీ ప్రకటనములో హక్కులకు మూలము రాజు కాడు, సృష్టికర్త. ఆయన ఏ మతమువారి దేవుడో అందు చెప్పలేదు. ఏకేశ్వరుని బిడ్డలమని నమ్ము బ్రహ్మసమాజమువారికి ఈ భావము పరాయిది కాదు. అయినను ఆ పత్రమును వ్రాసిన జెఫర్సను తన జీవితకాలమున 600 మందికి పైగా దాసులకు యజమానుడై యుండెను. పన్ను చెల్లించుటయే దాస్యమని మొఱపెట్టినవారిలో పలువురి పొలములలో నిజమైన దాసులు పాటుపడుచుండిరి. ఆ సంవత్సరముననే అబిగెయిల్ ఆడమ్సు తన భర్తకు జాబు వ్రాసి, క్రొత్త శాసనములలో స్త్రీలను మఱవవలదని కోరెను. ఆయన దానిని నవ్వి త్రోసివేసెను.

అయినను పలికిన మాట పలికినవారి యదుపులో నిలువలేదు. మనుజులెల్లరు స్వతంత్రులుగను సమానులుగను జన్మించిరని 1780 నాటి మసాచుసెట్సు రాజ్యాంగము చెప్పెను. దానినే యాధారముగా గొని, క్వాక్ వాకర్ అను నల్లజాతివాని వ్యాజ్యములో ప్రధాన న్యాయమూర్తి విలియం కుషింగు, ఈ రాజ్యాంగముక్రింద దాస్యము నిలువదని 1783లో జూరీకి బోధించెను. దేశమంతట దాస్యము రద్దగుటకు మాత్రము 1865 వఱకు పట్టెను. నడుమ ఘోరమైన అంతర్యుద్ధము జరుగవలసివచ్చెను.

ఇక మన తెలుగునాటికి వత్తము. స్వాతంత్ర్యమను మాట మనకు క్రొత్తది కాదు. స్త్రీకి అది తగదని చెప్పుటకు మనుస్మృతి వాడినది ఆ మాటనే. దానినే మనము దేశమునకు పట్టముగట్టితిమి. ప్రజల యిష్టమునకు విరుద్ధముగా చీరాల పేరాలలు పురపాలక సంఘముగా మార్చబడి పన్నులు హెచ్చగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరిజనులలో అత్యధికులు ఇండ్లు విడిచి వెలుపల రామనగరమను పేరుతో పాకలు వేసికొని, ఇంచుమించు 11 నెలలు ఎండవానల కోర్చిరి. బోస్టనులో తేయాకును సముద్రమున పాఱవేయుటకన్న ఇది కష్టతరమైన పనియని మా యభిప్రాయము. ఆ పాకలలో పొయ్యి రాజేసి, బిడ్డలను సాకి, ఆ దీక్షను నిలిపినవారు స్త్రీలు.

ఆ 1921లోనే మదరాసు శాసనమండలి స్త్రీలకు ఓటు నిచ్చుటకు తీర్మానించెను. కాని పురుషులకువలెనే ఆస్తి నియమము వారికిని వర్తించెను. ఆస్తియు చదువును లేని కూలిస్త్రీకి శాసనసభల యెన్నికలలో ఓటు లభించినది 1950 నాటి రాజ్యాంగమువలననే.